జలగర్భమున ఊపిరి లెక్క



మహానంది కోనేటిని చూడనివారు నంద్యాల ప్రాంతమున అరుదు. ఆ నీటి నిర్మలత్వము లోకప్రసిద్ధము. ఒడ్డున నిలిచి చూచిన, అడుగున పడియున్న నాణెముపైని బొమ్మ సైతము తెలియునని మా పెద్దలు చెప్పెడివారు. నేను ఉపాధ్యాయుడనై యున్నకాలమున ఏటేట పిల్లలను అచ్చటికి తోడ్కొనిపోయెడివాడను. ఏడాదికొకడైనను నడుములోతని భ్రమపడి దిగి, గొంతుదాక మునిగి, కేకవేయక మానడు. ఆ కోనేటి లోతు అయిదడుగుల మాత్రమే కావున నవ్వి యూరకుండెడివారము. నీటిలోనుండి వచ్చు కాంతి వంగుటచేత నాలుగడుగుల లోతు మనకు మూడడుగులుగా కనబడును. నీరు మనుష్యుని మొట్టమొదట మోసగించునది ఇచ్చటనే. రెండు వందలు, మూడు వందల అడుగుల లోతునకు దిగువారిని అది ఇంకెన్ని విధముల మోసగించునో నేడు మీకు మనవిచేయ దలచితిని.

మా యూరు ఆళ్లగడ్డకు చేరువ. నా బాల్యమున మా పెరటితోటలో ఒక మోటబావి యుండెడిది. ఒకనాడు మా అవ్వ చేతినుండి ఆమె పెండ్లినాటి యిత్తడి బిందె జారి అందులో పడెను. మా చిన్నమామ ఈతలో మేటియని పేరుపొందినవాడు. పంచె బిగించి దుమికెను. రెండుమారులు రిక్తహస్తములతో వచ్చెను. మూడవమారు చాలసేపు రాలేదు. అవ్వ బావిగట్టుపై వంగి, "బిందె పోతే పాయెలే, నువ్వు బయటికి రా నాయనా" యని యేడ్చుచుండెను. తుదకు పైకి తేలినప్పుడు అతని ముక్కునుండి నెత్తురు కారుచుండెను. ఎడమచెవి కొన్నినెలలు సరిగా వినబడలేదు. మరునాడు పొరుగింటినుండి కొక్కెముల గుత్తిని తెచ్చి త్రాటితో దింపగా అరగంటలో బిందె చిక్కెను.

చెవి అట్లగుటకు కారణము నాకు తరువాత పాఠము చెప్పునప్పుడు గాని తెలియలేదు. మన నెత్తిపై అనేక క్రోశముల యెత్తున నిలిచియున్న వాయుమండలమున కెంత యొత్తిడి కలదో, కేవలము 33 అడుగుల నీటికి అంత యొత్తిడి కలదు. అనగా 33 అడుగులు దిగినవాని దేహముపై రెండింతలు, 66 అడుగులు దిగినవానిపై మూడింతలు, 200 అడుగులు దిగినవానిపై ఏడింతలు భారము పడును. ఎముకలును మాంసమును దానిని సహించును. చెవియందును ముక్కుప్రక్క గూళ్లయందును ఊపిరితిత్తులందును ఉన్న గాలి సహింపదు, కుంచించుకొనిపోవును.

1943లో ఫ్రాన్సుదేశీయులగు కూస్తో, గన్యాన్ అనువారు ఒక సాధనమును కనిపెట్టిరి. వీపునకు కట్టుకొన్న సీసాలోని గాలి, ఆయా లోతునందలి యొత్తిడికి సరిపోవునట్లు, పీల్చినప్పుడెల్ల నోటికందును. నాటినుండి నరుడు నీట స్వేచ్ఛగా సంచరింప నేర్చెను. కాని ఋణమునకు వడ్డీవలె దీనికొక లెక్క కలదు. ఒడ్డున 70 నిమిషములు వచ్చు సీసా, 200 అడుగుల లోతున 10 నిమిషములకే వట్టిపోవును. ఏలయన అచ్చట పీల్చు ప్రతి శ్వాసయు ఏడు శ్వాసల గాలిని మ్రింగును.

ఇచ్చట నొకమాట. మన పత్రికలు వీనిని "ఆక్సిజన్ సిలిండరులు" అని వ్రాయుట పరిపాటియైనది. సాధారణముగా వానిలో నుండునది మనము పీల్చు గాలియే. కేవలము ఆమ్లజనిని పీల్చుచు 20 అడుగులకంటె లోతునకు దిగినవానికి మూర్ఛవచ్చు ప్రమాదము కలదు. నీటిలో మూర్ఛ మరణమే. ప్రాణమునిచ్చు ఆమ్లజనియే అధికమైన విషమగునని పాల్ బెర్ట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లోనే గ్రంథస్థము చేసెను.

ఆమ్లజనిని అట్లుంచుడు. గాలిలో నాలుగు పాళ్లలో మూడు పాళ్లకు మించియున్న నత్రజని యేమిచేయును? ఒడ్డుపై నది నిరపాయమైనది. నూరడుగులు దాటినకొలది కల్లు త్రాగినవానివలె మత్తెక్కించును. ఆ మత్తునందలి యపాయమేమన, తనకు మత్తెక్కినదని వాడెరుగడు. గాలి ముల్లును చూచును, కాని దాని యర్థము మనస్సున కెక్కదు. ఏ ముడిని విప్పవలెనో మరచును. భయపడవలసినచోట ఆనందించును.

ఇంతకంటె ఘోరమైనది పైకి వచ్చుటలో నున్నది. గోలీసోడాను మీరందరు ఎరుగుదురు. గోలీ బిగిసియున్నంతసేపు నీటిలో బుడగలే కానరావు. గోలీని నొక్కగానే నురుగు పైకుబుకును. లోతున నున్నవాని నెత్తురునందును కొవ్వునందును నత్రజని అట్లే కరగి యణగియుండును. వాడు తొందరపడి పైకి వచ్చెనా, అది బుడగలై కీళ్లయందు, వెన్నుపామునందు, మెదడునందు నిలిచి, వానిని వంకరలు పోగొట్టును, పక్షవాతమునకు లోనుచేయును, చంపును. ఇంగ్లండునందు హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు మేకలపై పరీక్షలు చేసి, ఎంతలోతున నెంతసేపున్నవాడు ఎచ్చటెచ్చట నాగుచు పైకి రావలెనో పట్టికలు కూర్చి 1908లో ప్రకటించెను. అడుగున గడపినది అరగంటయే కావచ్చును. ఒడ్డు చేరుటకు గంటలు పట్టవచ్చును. తల పైకెత్తిన వెలుతురు కనబడుచునే యుండును, పోరాదు. భారతమున దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగున దాగియున్నంతసేపు క్షేమముగనే యుండెను. పైకి వచ్చిన తరువాతనే గదా తొడలు విరిగినవి!

మత్తునకు విరుగుడుగా ఈ కాలపు గజయీతగాండ్రు నత్రజనికి బదులు కొంత హీలియమును కలిపి పీల్చుదురు. ఈ వాయువు పుట్టుపూర్వములతో మన తెలుగునేలకు సంబంధము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ అను ఖగోళజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. ఆనాడు సూర్యబింబపు అంచునందలి జ్వాలల కాంతిని విడదీసి చూచుట సాధ్యమయ్యెను. ఆ యేటనే లాకియర్ అను ఆంగ్లేయుడు అట్టి కాంతిలోని పసుపుగీతను పరిశీలించి, అది భూమిపై నెవ్వరు నెరుగని పదార్థమునకు చెందినదని తలచెను. సూర్యుని గ్రీకునామముతో దానికి పేరుపెట్టిరి. 1895లో గాని అది భూమిపై చిక్కలేదు. సూర్యునియందు కానవచ్చినది నేడు సూర్యకాంతి చొరని లోతులందు ఊపిరియగుచున్నది. అయిన నిదియు దోషరహితము కాదు. దేహపు వేడిని త్వరగా హరించును. పీల్చినవాని మాటలు బాతుకూతలవలె నగును. పైకి నెమ్మదిగా రావలెనను నియమము దీనికిని తప్పదు.

విశాఖపట్టణమున హిందుస్థాన్ షిప్‌యార్డువారు నిర్మింపగా 2025 జూలై 18న నౌకాదళమున చేరిన నిస్తార్ అను నౌక, గజయీతగాండ్రను 300 మీటర్ల లోతువరకు పంపగలదు. అట్టి పనిలో మనుష్యులు దినములతరబడి ఒత్తిడిగల గదిలోనే నివసింతురు. పని ముగిసినపిదప, నూరడుగుల లోతునకు సుమారొక దినము చొప్పునను ఆపై నొకదినమును ఆ గదిలోనే గడపి గాని వెలికి రారాదు.

సముద్రమునందైన పైకి దారియైనను కలదు. గుహలయందు అదియును లేదు. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను మీలో పెక్కురు చూచియుందురు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీనిని పేర్కొనెను. 1982 మొదలు 1984 వరకు జర్మనులగు గేబవర్ బృందమువారు కొలతలు తీసిరి. పొడవు 3229 మీటర్లు. అన్నిటికంటె లోతైన పాతాళగంగయొద్ద, ద్వారముకంటె 46 మీటర్ల దిగువను, సన్నని నీటిపాయ రాతిక్రింద అదృశ్యమగును. అది బెలుం గ్రామపు బావికి పోవునని జనుల నమ్మిక. నేనచ్చట వంగి చేయి పెట్టి చూచితిని. చల్లని నీరు వ్రేళ్ల సందున జారుచుండెను. ఆ నీటివెంట తానును పోయి చూడవలెనను కోరిక ఎట్టివానికైన ఒక్కక్షణము కలుగును.

ఆ కోరికవెంట పోవువారు లోకమున కలరు. నీట నిండిన గుహలో కాలు తగిలిన మాత్రమున బురద లేచి దీపము వెలుగు బెత్తెడు దూరము పోదు. కావున ప్రవేశద్వారమునుండి త్రాడును పరచుకొనుచు పోదురు. గాలిలో మూడవపాలు పోవుటకు, మూడవపాలు వచ్చుటకు. మిగిలిన మూడవపాలు తనకో తోడివానికో వచ్చు నాపదకు. మూడవపాలు ముగియగానే, ఎదుట నిధి కనబడినను, వెనుకకు మరలవలసినదే. 2018లో థాయిలాండునందు థామ్ లువాంగ్ గుహలో వరదచేత చిక్కుకొన్న పండ్రెండుగురు బాలురను, వారి శిక్షకుని, జూలై 10వ తేదీనాటికి సజీవులుగా వెలికి తెచ్చినవారు ఇట్టి విద్యలో ఆరితేరినవారు. ఆ బాలురకొరకు గాలిసీసాలు చేర్చివచ్చుచు సమన్ కునాన్ అను నౌకాదళపు పూర్వోద్యోగి అంతకు నాలుగు దినముల ముందే ప్రాణములు విడిచెను.

అచ్చట నున్నవారు బ్రతికియున్నవారు. మృతులకొరకు దిగుమనినప్పుడు ధర్మమేమి? ఈ ప్రశ్న మన గోదావరియొడ్డుననే పుట్టినది. 2019 సెప్టెంబరు 15, ఆదివారమునాడు, పాపికొండలకు పోవుచున్న రాయల్ వశిష్ఠ అను విహారపు పడవ కచ్చులూరుకడ వరదలో మునిగెను. డెబ్బదిమందికి పైబడి యందుండిరి, ఇరువదియారుగురు బయటపడిరి. పడవ రెండు వందల యడుగులకు పైబడిన లోతున, సుడులలో, బురదనీటిలో పడియున్నట్లు శబ్దతరంగముల సాధనముతో గుర్తించిరి. నౌకాదళమువారు, విపత్తు సహాయదళమువారు వచ్చిరి. ఆ ప్రవాహమున అడుగునకు దిగుట సాధ్యము కాలేదు.

ఒడ్డున బంధువులు కూర్చుండి యేడ్చుచుండిరి. ఇచ్చట నంద్యాలలో ఉదయమున పత్రికలు చదువు మావంటి వృద్ధులము, "ఇంతటి ప్రభుత్వము ఒక పడవను తీయలేదా? ఒక్కడు దిగలేడా?" యని తర్జనభర్జనలు పడితిమి. అందరికంటె గట్టిగా నన్నవాడను నేనే. పైన చెప్పిన లెక్కలు నాకు నాడు తెలియవు. ఏడింతల యొత్తిడి, పది నిమిషముల గాలి, కన్ను కనబడని నీరు, మత్తు, ఆగి యాగి రావలసిన దారియందు ఆగనీయని వరద — ఇవి యెరిగిన పిమ్మట, దింపనివారిని నిందించిన నా నోటిని నేనే నిందించుకొంటిని.

దేహము లభింపక అంత్యక్రియ యెట్లని యడుగువారి బాధ నేనెరుగనిది కాదు. పౌరోహిత్యము గల యింట పుట్టినవాడను. దేహము దొరకనియెడల 360 మోదుగకాడలతో పురుషాకృతిని కూర్చి దానికే దహనసంస్కారము చేయవచ్చునని మన శాస్త్రకారులు విధించియున్నారు. నీట, అడవిలో, పరదేశమున పోయినవారు ఆ కాలమునను ఉండిరి గదా. ఒకని శవమునకై మరియొకని పంపుమని వారు చెప్పలేదు.

తుదకు పని సాగించినవారు కాకినాడ వాస్తవ్యుడు ధర్మాడి సత్యమును అతని బృందమును. బరువైన లంగరులను ఇనుపత్రాళ్లకు కట్టి, ఊహతో నదిలో దింపి, పడవకు తగిలించి, మెల్లమెల్లగా తక్కువ లోతునకు ఈడ్చిరి. మా బావిలో బిందెను తీసిన కొక్కెముల గుత్తి యిదియే; పరిమాణమే వేరు. వరద తగ్గి, పడవ ఒడ్డునకు చేరువయైన తరువాతనే విశాఖనుండి వచ్చిన గజయీతగాండ్రు దిగి త్రాడు బిగించిరి. అక్టోబరు 22న, ముప్పదియెనిమిదవ దినమున, పడవ వెలికి వచ్చెను. అందు మరికొన్ని దేహములు లభించినవి, కొందరివి లభింపలేదు.