జరిగిన వరుస, చెప్పిన వరుస: ఇంగ్లీషు పఠనావగాహన పరీక్షలో ఘటనాక్రమ ప్రశ్న

ఇంగ్లీషు పరీక్షాపత్రంలో ఒక గద్యభాగాన్ని ఇచ్చి, దాన్ని చదివి జవాబులు రాయమనే విభాగాన్ని పఠనావగాహన అంటారు. ఆ విభాగంలో, కథలో గానీ జీవితచరిత్రలో గానీ వార్తలో గానీ వచ్చే నాలుగైదు సంఘటనలను తారుమారుగా ఇచ్చి, అవి జరిగిన వరుసలో పేర్చమని అడిగేది ఘటనాక్రమ ప్రశ్న. 'మొదట ఏం జరిగింది', 'దీనికి సరిగ్గా ముందు ఏం జరిగింది' అని విడివిడిగా అడిగేవీ ఈ కోవలోవే. కఠిన పదాలు లేని ఈ ప్రశ్న తేలికగా కనిపిస్తుంది గాని, పాఠం చక్కగా అర్థమైన విద్యార్థి కూడా ఇక్కడ మార్కు పోగొట్టుకుంటాడు. తెలుగు వాక్యం సంఘటనలను పేర్చే తీరు వేరు, ఇంగ్లీషు వాక్యం పేర్చే తీరు వేరు కావడమే అందుకు ముఖ్య కారణమనీ, ఆ తేడాను తెలుగు బడిలో ఇప్పటికే నేర్పుతున్న వ్యాకరణం ఆధారంగానే తేటతెల్లం చేయవచ్చుననీ సిద్దిపేట ఉపాధ్యాయుల ముందు ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్నది.

సంఘటనలు కాలంలో జరిగిన వరుస ఒకటి, చెప్పేవాడు వాటిని పాఠకుని ముందుకు తెచ్చే వరుస మరొకటి. మొదటిదాన్ని కథ అనీ రెండోదాన్ని కథనం అనీ వేరు చేసి చూడడం ఆధునిక సాహిత్య విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఈ విభజనకు తెలుగువారు పరాయి ఉదాహరణలు వెతుక్కోనవసరం లేదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయమే ఇందుకు చాలినంత పెద్ద పాఠం. ఆ కావ్యంలో కథనం ద్వారకలో కలభాషిణితో మొదలై, నారదుడు, మణికంధరుడు, రంభానలకూబరుల మీదుగా ఎన్నో చిక్కుముళ్ళు వేసుకుంటూ సాగుతుంది. అయితే ఆ వృత్తాంతం మొత్తానికి మూలమైన సరస్వతీ బ్రహ్మల సల్లాపం చాలా తర్వాత, పసిబిడ్డ మధురలాలస నోట గాని పాఠకునికి తెలియదు. కాలంలో ముందున్నది కథనంలో వెనకబడిందన్న మాట. ఆ కావ్యాన్ని చదివే పాఠకుడు మనసులో నిరంతరం చేసే పనినే, పరీక్ష రాసే పదిహేనేళ్ళ విద్యార్థి ఒక చిన్న గద్యభాగం మీద చేయవలసి ఉంటుంది. ఈ ప్రశ్నను కేవలం మార్కుల వ్యవహారంగా చూడడం సరికాదనడానికి ఇదే ఆధారం.

తెలుగు వాక్యం సంగతి చూస్తే, పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) నుంచి నేటి పదవ తరగతి వాచకం దాకా క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అనే పేర్లు విద్యార్థికి పరిచితమైనవే. క్త్వార్థకం అంటే 'తిని', 'వెళ్ళి', 'చూసి' వంటి భూతకాలిక అసమాపక క్రియ. వాక్యాన్ని ముగించకుండా, తన పని పూర్తయిందని చెప్పి తర్వాతి క్రియకు దారి ఇచ్చేది. శత్రర్థకం 'తింటూ' వంటిది, రెండు పనులు ఏకకాలంలో సాగుతున్నాయని తెలిపేది. చేదర్థకం 'తింటే' వంటిది, ఒక పని మరొకదానికి షరతు అని తెలిపేది. సంక్లిష్ట వాక్యాలను గుర్తించమనే తెలుగు ప్రశ్నకు విద్యార్థి వీటిని అలవోకగా రాస్తాడు. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, 'పొద్దున లేచి, స్నానం చేసి, సద్ది కట్టుకొని, బడికి పోయింది' అన్న వాక్యంలో క్రియలు ఏ వరుసలో వచ్చాయో పనులూ ఆ వరుసలోనే జరిగాయి. సమాపక క్రియ చివర ఉండి తీరాలన్న తెలుగు స్వభావం వల్ల, వినేవాడు వాక్యాన్ని విన్న వరుసనే జరిగిన వరుసగా నమ్మడానికి అలవాటు పడతాడు. తెలుగులో 'తాళం వేసేముందు కోళ్ళకు గింజలు వేసింది' వంటి ఎదురు నడక వాక్యాలూ లేకపోలేదు గాని, అక్కడ 'ముందు' అన్న మాట క్రియకు అంటిపెట్టుకొని రావడం వల్ల తికమక తక్కువ.

ఇంగ్లీషులో ప్రధాన వాక్యం ముందూ ఉండవచ్చు, వెనకా ఉండవచ్చు. 'షి లాక్డ్ ద డోర్ ఆఫ్టర్ షి హ్యాడ్ ఫెడ్ ద హెన్స్' అన్న వాక్యంలో తాళం మొదట కనిపిస్తుంది, గింజలు తర్వాత కనిపిస్తాయి. జరిగింది మాత్రం దానికి తలకిందులు. తెలుగు అలవాటుతో చదివిన విద్యార్థి తాళాన్ని ఒకటో అంకెగా, గింజలను రెండో అంకెగా రాస్తాడు. ఆ వాక్యాన్ని 'కోళ్ళకు గింజలు వేసి, తలుపుకు తాళం వేసింది' అని ఒక్క క్త్వార్థక వాక్యంగా మార్చుకోగలిగిన విద్యార్థికి వరుస తనంతట తానే తేలిపోతుంది. ఇంగ్లీషు పాఠంలో తెలుగు రానీయకూడదన్న పట్టుదల కొన్ని బడుల్లో ఉంది గాని, ఈ ఒక్క విషయంలో ఆ పట్టుదల పిల్లల చేతిలో ఉన్న పనిముట్టును లాక్కోవడమే అవుతుంది.

కాలాన్ని సూచించే ఇంగ్లీషు మాటలన్నీ ఒకే రకంగా ఇబ్బంది పెట్టవు. 'ఆఫ్టర్', 'బిఫోర్' అన్నవి వాక్యం మధ్యలో వస్తే ఒక తీరు, మొదట వస్తే ఇంకో తీరు. 'ఆఫ్టర్' మధ్యలో వచ్చినప్పుడూ, 'బిఫోర్' మొదట వచ్చినప్పుడూ చదివిన వరుస జరిగిన వరుసకు ఎదురవుతుంది, మిగిలిన రెండు సందర్భాల్లో కాదు. 'అన్‌టిల్' వ్యతిరేక క్రియతో కలిసినప్పుడు మరింత జాగ్రత్త కావాలి: 'ద బస్ డిడ్ నాట్ మూవ్ అన్‌టిల్ ద డ్రైవర్ కేమ్' అంటే డ్రైవరు వచ్చేదాకా బస్సు కదలలేదని, అంటే డ్రైవరు రావడం ముందు, బస్సు కదలడం తర్వాత. 'నో సూనర్' అన్న నిర్మాణం చూడగానే 'నో' అన్న అక్షరాలు విద్యార్థిని బెదరగొడతాయి. 'కూర్చున్నాడో లేదో గంట మోగింది' అన్న తెలుగు పలుకుబడిలోనూ సరిగ్గా అటువంటి 'లేదు' ఉన్నదనీ, అక్కడ ఎవరూ కూర్చోలేదని అనుకోరనీ చూపితే ఆ బెదురు పోతుంది. 'బై ద టైమ్' అన్నదానికి 'చేరేసరికి', 'హ్యావింగ్' తో మొదలయ్యే పదబంధానికి క్త్వార్థకమే చక్కగా సరిపోతాయి.

వీటన్నిటికంటే లోతైనది 'హ్యాడ్' తో ఏర్పడే పూర్వభూతకాలం, అంటే గతంలో జరిగిన ఒక పనికంటే ఇంకా ముందు జరిగిన పనిని చెప్పే క్రియారూపం. దీన్ని వ్యాకరణ పాఠంగా నేర్పేటప్పుడు ఒక్కో వాక్యంలోనే చూపుతారు. గద్యభాగంలో దాని నడక వేరు. రచయిత వెనకటి కథలోకి వెళ్ళేటప్పుడు మొదటి ఒకటి రెండు క్రియలకు 'హ్యాడ్' చేర్చి, పాఠకుడు గతంలోకి వచ్చాడని నమ్మకం కుదరగానే మామూలు భూతకాలంలోకి జారుకుంటాడు. అక్కడినుంచి నాలుగైదు వాక్యాలు వెనకటి కథే అయినా వాటిపై ఏ గుర్తూ ఉండదు. విద్యార్థి మాత్రం 'హ్యాడ్' ఆగిపోయిన చోటే వెనకటి కథ ముగిసిందని అనుకొని, ఆ తర్వాతి సంఘటనలన్నిటినీ ప్రధాన కథ వరుసలో పేరుస్తాడు. గతం నుంచి తిరిగి వచ్చిన చోటును 'నౌ' వంటి మాట గానీ, స్థలం మారడం గానీ, కొత్త పేరా గానీ చెబుతుందని ఎత్తి చూపడం అవసరం. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ 'వాట్ ఈజ్ మై నేమ్' పేరిట పదవ తరగతి ఇంగ్లీషు వాచకంలో చోటు చేసుకున్నది. తన పేరు మరచిపోయిన గృహిణి చదువు నాటి ఆనవాళ్ళ కోసం వెతకడం కథనంలో ఆలస్యంగా వచ్చినా, ఆ చదువు మిగతా అన్నిటికంటే ముందటి సంగతి. తెలుగులో ముందే తెలిసిన కథ కాబట్టి, వెతకడానికీ చదవడానికీ మధ్య ఉన్న కాలభేదాన్ని చూపడానికి ఇది అనువైన పాఠం.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపించి చూడడం మేలు. గద్యభాగం సారాంశం ఇది అనుకోవచ్చు: చీకటి పడ్డాక ఒక రైతు ఇల్లు చేరాడు, సిద్దిపేట మార్కెట్టు యార్డులో మక్కలు అమ్మడానికి రోజంతా పట్టింది, కాళ్ళు కడుక్కుంటుండగా, పొద్దున మోటారు ఆపకుండానే బయలుదేరిన సంగతి గుర్తొచ్చింది, చేనుకు పరుగెత్తి చూస్తే, పక్క చేను ఆయన అప్పటికే మోటారు ఆపేసి ఉన్నాడు. రైతుకు సంబంధించినంతవరకు వరుస స్పష్టమే: మోటారు ఆపకుండా బయలుదేరడం, మక్కలు అమ్మడం, ఇల్లు చేరడం, గుర్తు రావడం, పరుగెత్తడం. చెప్పిన వరుసలో మొదటిదైన ఇల్లు చేరడం జరిగిన వరుసలో మూడోది. పక్క చేను ఆయన మోటారు ఆపడం ఎక్కడ చేరుతుంది? 'అప్పటికే' అన్న మాట, రైతు చేనుకు చేరేలోపు అని మాత్రమే చెబుతుంది. రైతు ఇల్లు చేరకముందా, చేరిన తర్వాతా అన్నది గద్యభాగంలో లేదు. ఆ సంఘటనను కూడా జాబితాలో పెట్టి ఒకే సరైన వరుస ఉన్నదన్నట్టు అడిగితే, తప్పు విద్యార్థిది కాదు, ప్రశ్న తయారుచేసినవారిది. పాఠంలో ఆధారం లేని జతను జాబితాలో చేర్చకపోవడం ప్రశ్నకర్త పాటించవలసిన మొదటి నియమం.

ఈ ప్రశ్నను దీనికి దగ్గరి చుట్టమైన మరో ప్రశ్నతో కలిపేయడం వల్ల కూడా నష్టం జరుగుతున్నది. గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత కోసం రాసే 150 మార్కుల జనరల్ ఇంగ్లీషు పత్రంలో కాంప్రహెన్షన్ ఒక అంశం, జంబుల్డ్ సెంటెన్సెస్ వేరే అంశం. బ్యాంకు పరీక్షల్లో ఈ రెండోదాన్నే పేరా జంబుల్ అంటారు. అందులో చెదిరిన వాక్యాలను ఒక పేరాగా కూర్చాలి, అంటే రచయిత చెప్పిన వరుసను తిరిగి నిర్మించాలి. అక్కడ ఆధారాలు కాలానివి కావు: ఒక మనిషి పేరు ముందు వచ్చి 'హి' తర్వాత రావడం, కొత్త వస్తువుకు 'ఎ' అనీ రెండోసారి చెప్పినప్పుడు 'ద' అనీ ఉండడం, 'హవెవర్' కు ముందు దానికి విరుద్ధమైన మాట ఉండడం వంటివి. ఘటనాక్రమ ప్రశ్నలో చెప్పిన వరుసను విప్పి జరిగిన వరుసను చేరుకోవాలి. ఒకటి కథనాన్ని కట్టేది, మరొకటి కథనాన్ని విప్పేది. సర్వనామాల ఆధారంతో సంఘటనలను పేర్చబోయిన అభ్యర్థి, వెనకటి కథ ఉన్న ప్రతిచోటా దెబ్బతింటాడు.

సిద్దిపేట జిల్లా 2022 పదవ తరగతి ఫలితాల్లో 97.85 శాతం ఉత్తీర్ణతతో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. అది గర్వించదగిన విషయమే. అయితే ఉత్తీర్ణత శాతం చదివే నైపుణ్యానికి కొలమానం కాదని ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించినప్పుడు, ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉండే ద్విభాషా వాచకాలు వచ్చాయి. సాంఘికశాస్త్రంలో ఒక ఉద్యమ ఘట్టాన్నో, సామాన్యశాస్త్రంలో ఒక ప్రయోగ విధానాన్నో తీసుకొని, ఎదురెదురు పుటల్లో క్రియల వరుస ఎక్కడ మారిందో పిల్లల చేత గీతలు గీయించడానికి ఇంతకంటే మంచి సామగ్రి దొరకదు.

ఈ జిల్లాకు ఇంకొక సొంత వనరు ఉంది. చేర్యాల నకాషీ పటం పొడవాటి వస్త్రం మీద కథను అడ్డ వరుసల్లో గడులు గడులుగా చూపుతుంది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, ఇలా ఒక్కో కులానికి ఆశ్రితులైన కథకులు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పాడి చెప్పేవారు. పటంలోని నాలుగైదు గడుల నకళ్ళను విడివిడిగా ఇచ్చి వరుస పెట్టించడం, ఆ తర్వాత నడుమ గడి నుంచి మొదలుపెట్టి అదే కథను ఇంగ్లీషులో చెప్పించడం ఏడో తరగతి పిల్లలతోనూ చేయించవచ్చు. నడుమ నుంచి మొదలుపెట్టిన పిల్లవాడికి 'హ్యాడ్' అవసరం దానంతటదే వస్తుంది. సూత్రం వల్లెవేయించడం కంటే ఆ అవసరాన్ని కలిగించడమే ఫలితమిస్తుంది.

పరీక్ష గదిలో కొంచెం లెక్క కూడా తోడ్పడుతుంది. అయిదు సంఘటనలను పేర్చే విధాలు 120. వాటిలో ఏ ఒక్క జతకైనా ముందువెనకలు నిశ్చయంగా తెలిస్తే మిగిలేవి 60. మొట్టమొదటిదీ చిట్టచివరిదీ తేలిపోతే మిగిలేవి ఆరే. కనుక అయిదింటినీ ఒకేసారి మనసులో పేర్చడానికి తంటాలు పడకుండా, ముందు రెండు కొనలను పట్టుకొని, తర్వాత నడుమ ఉన్నవాటిని జతజతగా పోల్చడం తెలివైన పని. ప్రశ్నలోని వాక్యం గద్యభాగంలోని మాటల్లోనే ఉండదు కాబట్టి, ప్రతి సంఘటనకూ గద్యభాగంలో ఆధారమైన క్రియను గుర్తించి దాని పక్కన అక్షరం వేసుకోవాలి. కారణం ముందు, కార్యం తర్వాత అన్న నియమం తోడ్పడుతుంది గాని, ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని అనుకోకూడదు.

మూల్యాంకనం గురించి చెప్పవలసింది మిగిలి ఉంది. సరైన జవాబు అ-ఆ-ఇ-ఈ-ఉ అనుకుంటే, చివరి సంఘటనను పొరపాటున ముందుకు తెచ్చిన విద్యార్థి ఉ-అ-ఆ-ఇ-ఈ అని రాస్తాడు. ఏ అక్షరం ఏ స్థానంలో ఉన్నదని చూసి మార్కులు వేస్తే అతనికి సున్నా వస్తుంది, ఎందుకంటే ఒక్కటీ తన స్థానంలో లేదు. వరుస మొత్తాన్నీ తలకిందులుగా ఉ-ఈ-ఇ-ఆ-అ అని రాసినవానికి నడుమ 'ఇ' కుదిరినందుకు ఒక మార్కు వస్తుంది. ఇది అన్యాయమని ఎవరికైనా తోస్తుంది. అయిదు సంఘటనల్లో పోల్చదగిన జతలు పది. మొదటి విద్యార్థి వాటిలో ఆరింటిని సరిగా పేర్చాడు, రెండోవాడు ఒక్కదాన్నీ పేర్చలేదు. రెండు వరుసలను జతల వారీగా పోల్చే ఈ పద్ధతిని గణాంకశాస్త్రవేత్త మారిస్ కెండల్ 1938లో సూత్రీకరించాడు. పబ్లిక్ పరీక్షల నియమాలు ఉపాధ్యాయుల చేతిలో ఉండకపోవచ్చు గాని, యూనిట్ పరీక్షల్లో జతలు లెక్కపెట్టడానికి అడ్డు లేదు. తప్పిన జతలను ఒక కాగితం మీద రాసుకుంటే, అవి 'బిఫోర్' దగ్గర తప్పాయా, వెనకటి కథ ముగిసే చోట తప్పాయా అన్నది బయటపడుతుంది. తరగతిలో ఎక్కువ మంది ఒకే చోట తప్పితే మరునాటి పాఠం అక్కడినుంచే మొదలుకావాలి.