ఎగురుటకు ముందు



సెలవునాడు మైదానములో రేడియోతో నడుపు చిన్న హెలికాప్టరు పైకి లేచినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టుదురు. పెద్దలు దానిని ఆటబొమ్మ యనుకొందురు. కాని 2013 సెప్టెంబరులో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో 19 ఏండ్ల యువకుడొకడు తన నమూనా హెలికాప్టరే తలకు తగిలి మరణించెను.

ఆ యంత్రపు బలమును లెక్కించి చూడవచ్చును. 600 మిల్లీమీటర్ల రెక్క బరువు సుమారు 120 గ్రాములు. నిమిషమునకు 2000 చుట్లు తిరుగునప్పుడు, సుమారు 180 కిలోల బరువు వ్రేలాడినట్లుగా అది తన బోల్టును లాగును. రెక్క కొన గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగమున పోవును.

గాలిలో మోటారు ఆగినచో, నేర్పరియైన చోదకుడు ఇంకను తిరుగుచున్న రెక్కల ఊపుతో దానిని క్షేమముగా దింపగలడు. రెక్కల వాలును మార్చు బాల్ లింకు ఊడినచో మాత్రము ఏ నేర్పును పనికిరాదు. అందుచేత పరీక్ష నేలమీదనే జరుగవలెను.

బ్యాటరీ తగిలింపక మునుపు కన్నులతోను, వ్రేళ్లతోను పరీక్షింపవలెను. రెక్కలపై పగులు, గాటు ఉండరాదు. రెక్క బోల్టు మిక్కిలి బిగువైనచో, తిరుగునప్పుడు రెక్క తనంతట తాను సూటిగా నిలువజాలదు, వదులైనచో వ్రేలాడిపోవును. ప్రతి లింకును మెల్లగా లాగి చూడవలెను: అది సులువుగా ఆడవలెను, ఊడరాదు. పండ్లచక్రమును చేతితో ఒక చుట్టు త్రిప్పినచో విరిగిన పన్ను తెలియును. తోక బెల్టు బిగువును, చట్రపు అంచునకు ఒరసికొను తీగలను, అదురునకు వదులైన మరలను చూడవలెను.

తరువాత మొదట ట్రాన్స్‌మిటరును, పిమ్మట హెలికాప్టరు బ్యాటరీని కలుపవలెను. ముగించునప్పుడు బ్యాటరీని ముందు తీయవలెను. మోటారు తిరుగకుండ కట్టడి చేసి, మీటలను కదిపి, రోటరు కోరిన దిశకే వాలుచున్నదో లేదో గమనింపవలెను. ముక్కును చేతితో ఒక ప్రక్కకు త్రిప్పినచో, గైరో దానిని అడ్డగించునట్లు తోక రెక్కలను మార్చవలెను. ఇది తారుమారైనచో యంత్రము లేచినంతనే గిరగిర తిరిగి కూలును.

నడుమ ఎవరైన పలుకరించినచో పరీక్షను మరల మొదటినుండి ప్రారంభించుట మేలు. అంతయు సరియైన పిమ్మట, చూపరులను దూరముగా నిలిపి, కొలది ఎత్తున కొద్దిసేపు నిలిపి దింపి, బోల్టులను లింకులను మరియొకసారి చూడవలెను.

లింకు వదులై, మార్చుటకు వేరొకటి లేనినాడు, పిల్లలు ఎంత నిరుత్సాహపడినను పెట్టె మూసి ఇంటికి మరలవలెను. వచ్చు ఆదివారమునకు మైదానము అచ్చటనే యుండును.