ఇటలీవారి తీరికవేళలు

ఇటలీదేశమునకు యాత్రగా పోయివచ్చినవారిని "అచ్చట మీకు మిక్కిలి నచ్చిన దేమి?" యని యడిగినచో మొదట రోములోని కొలోసియమును, ఫ్లారెన్సులోని చిత్రశాలలను, వెనిసులోని కాలువలను పేర్కొందురు. చూడవలసినవానిని చూచి వచ్చితిమని చెప్పుకొనుట యాత్రికులకు మర్యాద. మఱికొంతసేపు మాటాడనిచ్చినచో వారి ధోరణి మాఱును. ఏదో చిన్నయూరిలో ప్రొద్దువాలినవేళ ముసలివారును పసివారును వీథినిండ తిరుగుచుండి రనియు, పేరు తెలియని యంగడిలో నిలుచుండి గ్రుక్కెడు కాఫీ త్రాగితి మనియు, ఆదివారపు మధ్యాహ్నభోజనము మూడు గంటలసేపు సాగిన దనియు ముఖము వికసింప చెప్పుదురు. భవనములు కొన్నాళ్లకు జ్ఞాపకమున మసకబాఱును. వానినడుమ ఆ జనులు కాలము గడపు తీరు మాత్రము మాసిపోదు. నేటి నా ప్రసంగమునకు విషయ మదియే.

ఈ యనుభవము క్రొత్తది గాదు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఇంగ్లండు మొదలైన ఉత్తరదేశముల ధనికులు తమ కుమారుల చదువు పూర్తియగుటకు ఇటలీయాత్ర చేయించెడివారు. జర్మను మహాకవి గోథే 1786వ సంవత్సరమున మిత్రులకైన చెప్పక బయలుదేఱి, 1788 వఱకు అచ్చటనే తిరిగెను. శిథిలములను, శిల్పములను చూచుటకు పోయిన యాతడు, రోమునగరవీథులలో ప్రజలు జరుపుకొను కార్నివాలు ఉత్సవమును గూర్చి ప్రత్యేకముగా నొక పుస్తకము వ్రాసెను.

మన తెలుగువారికి ఆ దేశమున మఱియొక సుఖము గలదు. అది చెవికి సంబంధించినది. ఇటాలియనుభాషలో మాటలు చాలవఱకు అచ్చుతోనే ముగియును. తాతను నొన్నో యందురు, అవ్వను నొన్న యందురు. ఆ ద్విత్వమును మనవలెనే యొత్తి పలుకుదురు. మనభాషకు 'తూర్పుదేశపు ఇటాలియను' అను ప్రశంస కలదని చిన్ననాటినుండి వినుచున్నాము. అచ్చటి కూరగాయల బజారులో ఒక ఘడియసేపు కన్నులు మూసికొని నిలుచున్నచో ఆ పోలిక యెట్లు పుట్టినదో బోధపడును. ఇంకొక పూర్వసంబంధమును గూడ తలచుకొనవలెను. వెనిసుకు చేరువనున్న కియోజ్జ యను నూరి వర్తకుడు నికోలో కాంటి పదునైదవ శతాబ్దపు పూర్వభాగమున విజయనగరమునకు వచ్చెను. ఆలయములయందును ఇండ్లకప్పులమీదను లెక్కలేని దీపములు వెలిగించు పండుగనుగూర్చియు, రాజురాణు లనక దారినపోవు వారందఱిమీదను కుంకుమపువ్వు నీళ్లు చల్లు మఱియొక పండుగనుగూర్చియు అతడు స్వదేశమున చెప్పగా, పోపుగారి కార్యదర్శి పోజ్జో యనునాతడు లాటినుభాషలో వ్రాసియుంచెను. మన పండుగలను వారు చూచి పోయిరి. వారి పండుగలను మనము చూచుట న్యాయమే గదా!

అయినను పండుగలకంటె ముందు దినచర్యను చెప్పవలెను. ప్రొద్దు వాలినపిదప ఇటలీపట్టణములలో జరుగు నొక యాచారమునకు 'పాస్సెజ్జాత' యని పేరు. షికారు అని మన మనుకొనవచ్చును గాని వైద్యుడు చెప్పినా డని వేగముగా నడచు నడక గాదది. మంచిబట్టలు కట్టుకొని, ఊరి పెద్దవీథిలో ఈ కొసనుండి యా కొసకును మఱల ఆ కొసనుండి యీ కొసకును మెల్లగా నడుతురు. ఒకే మనుష్యుడు నాలుగుమాఱు లెదురుపడును, నాలుగుమాఱులును పలుకరింపవలెను. క్రొత్తగా పెండ్లియైనవారు, బిడ్డను బండిలో త్రోసికొనుచు వచ్చు తల్లులు, చేతులు వెనుకకు కట్టుకొని రాజకీయములు చర్చించు వృద్ధులు, అందఱును అందఱికంటను పడుదురు. వీథి కొసనుండు బహిరంగస్థలమును 'పియాత్స' యందురు. మనయూళ్లలో రావిచెట్టుక్రింది రచ్చబండ చేయు పనిని అచ్చట పియాత్స చేయును.

టస్కనీసీమలో లూక్క యను పట్టణము గలదు. సంగీతకర్త పుచ్చీని 1858లో పుట్టిన యూరది. నేనచ్చట కొలదిదినము లుంటిని. ఊరిచుట్టును పదునాఱు, పదునేడవ శతాబ్దములలో కట్టిన కోటగోడ నాలుగు కిలోమీటరులకు పైగా నేటికిని చెక్కుచెదరక యున్నది. శత్రువులను నిలువరించుటకు కట్టిన యా వెడల్పుగోడమీద చెట్లు నాటి ఊరివారు షికారుబాట చేసికొనిరి. పిల్లలు సైకిలు నేర్చుకొనుట, అవ్వలు అల్లికపని చేసికొనుట అన్నియు గోడమీదనే. ఊరిలోపల రోమనులనాటి రంగశాల యొకటి గలదు. గల దనుటకంటె దానిమీదనే ఇండ్లు కట్టుకొని రనుట సరియైన మాట. ఆ యిండ్లు నేటికిని అండాకారముగానే నిలిచియున్నవి. రెండువేలయేండ్లకు దగ్గఱగా, ప్రేక్షకులు కూర్చుండి కేకలువేసిన చోట ఇప్పుడు బట్టలు ఆరవేసికొనుచున్నారు. ప్రాచీనవస్తువును అద్దాలపెట్టెలో నుంచక అందులోనే కాపురముండుట నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

ఇక ఆహారపానీయములు. కాఫీయంగడిని వారు 'బారు' అందురు. పేరు విని మనవారు జంకనక్కఱలేదు. నిలుచుండి త్రాగినచో ఒక వెల, కూర్చుండి త్రాగినచో హెచ్చువెల; ప్రసిద్ధస్థలములలో ఆ యంతరము గుండె ఝల్లుమనిపించును. పాలనురుగుతో నిండిన కపుచ్చీనోను ప్రొద్దుననే త్రాగుదురు. భోజనానంతరము దాని నడుగువాడు పరదేశి యని యంగడివాడు గ్రహించును. కాదనడు గాని కనుబొమ కొంచె మెత్తును. రోమునగరమున వీథివీథిని ఇనుపస్తంభములనుండి చల్లని మంచినీరు రాత్రింబవళ్లు పాఱుచుండును. గొట్టము ముక్కువలె వంగియుండుటచే వానికి 'పెద్దముక్కులు' అని పేరు. 1874 మొదలు నెలకొల్పిన యీ చలివేంద్రములు నగరములో నేటికి రెండువేలకు పైగా నున్నవి. కాసు ఇయ్యనక్కఱలేదు, దోసిలి పట్టిన జాలును.

ఉత్తరమున పో నదీతీరపు వెర్చెల్లి ప్రాంతమున వరిపొలములు చూచి మన డెల్టా జ్ఞాపకము వచ్చును. ఆ బియ్యమును వెన్నలో వేయించి, వేడిరసము కొంచెము కొంచెముగా పోయుచు కలియబెట్టి 'రిసోత్తో' వండుదురు. ఆ రసము తఱచుగా మాంసముతో కాచిన దగుటచే శాకాహారులు ముందుగానే యడిగి తెలిసికొనవలెను. టమాటోయు మిరపకాయయు అమెరికాఖండమునుండి, కొలంబసు 1492లో సముద్రము దాటిన పిమ్మట, లోకమంతట వ్యాపించినవి. అవి రాకున్నచో నేడు మన మెఱిగిన నేపుల్సు పిజ్జాయు లేదు, గుంటూరు గొడ్డుకారమును లేదు. పిజ్జా చేయు నేపుల్సువారి పనితనమును ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతికసంస్థ 2017లో మానవజాతి వారసత్వముగా పరిగణించినది.

సెలవులనుగూర్చి వారి యభిప్రాయము ఆలోచింపదగినది. 1948 జనవరి 1వ తేదీనుండి అమలులోనున్న ఇటలీ రాజ్యాంగమున 36వ అధికరణము పనివానికి వారమునకొక విశ్రాంతిదినమును, జీతముతోగూడిన వార్షికపు సెలవులును హక్కుగా నిచ్చుచు, ఆ హక్కును వాడు వదలుకొనరాదని గూడ చెప్పుచున్నది. వదలుకొనరాని హక్కు! నలువదేండ్లలో ఒక్కనాడైన సెలవు పెట్టలే దని గర్వముతో చెప్పుకొను మాబోటి బడిపంతుళ్లకు ఇది వింతగా తోచును. పిమ్మట 2003నాటి శాసనము ఆ సెలవు ఏటికి నాలుగువారములకు తక్కువగా నుండరాదని నిర్ణయించినది.

ఈ సెలవులను ఎవ్వరికి తోచినప్పుడు వారు తీసికొనక, అందఱును ఒక్కమాఱే తీసికొనుట వారి పద్ధతి. మనకు స్వాతంత్ర్యదినమైన ఆగస్టు 15 వారికి 'ఫెర్రగోస్తో'. అగస్టసు చక్రవర్తి క్రీ.పూ. 18లో ఏర్పఱచిన సెలవుదినముల పేరు ఇందులో నిలిచియున్నది. తరువాత అది మేరీమాత స్వర్గారోహణపు పండుగతో కలిసిపోయినది. ఆ దినములలో మిలాను వంటి మహానగరము బోసిపోవును. అంగళ్ల తలుపులమీద 'సెలవునకై మూసితిమి' అను చీటీలు వ్రేలాడును. తెలియక పోయిన యాత్రికుడు రొట్టెకై వీథులు తిరిగి విసుగుకొనును. విసుగు మాని రైలెక్కి సముద్రతీరమునకు పోయినచో ఊరంతయు అచ్చటనే యున్నదని తెలియును. 1843లో మొదటి స్నానశాల వెలసిన రిమిని తీరమున రంగురంగుల గొడుగులు సేద్యపు చాళ్లవలె బారులుతీరి యుండును. తాత యద్దెకు తీసికొనిన గొడుగుప్రక్కనే మనుమడును ఏటేట గొడుగు తీసికొనును. ప్రక్కగొడుగువారు చుట్టములవంటివారు. ఏకాంతముకొఱకు సముద్రమునకు పోవు పాశ్చాత్యులు ఈ సందడిని మొదట గర్హింతురు. వారము గడచునప్పటికి వారును ప్రక్కవారి పుచ్చకాయముక్క నందుకొందురు.

ఆగస్టు 16న సియెనాపట్టణమున 'పాలియో' యను గుఱ్ఱపుపందెము. జూలై 2న ఒకమాఱు, ఆగస్టులో నొకమాఱు, ఏటికి రెండుమాఱులు జరుగును. ఆ పట్టణము పదునేడు పేటలుగా విభక్తమైయున్నది. పేటలకు జంతువుల పేరులే హెచ్చు: గుడ్లగూబ, ముండ్లపంది, గొంగళిపురుగు, తాబేలు, నత్త. నత్తయు తాబేలును గుఱ్ఱపుపందెములో పోటీపడుటయే ఒక చమత్కారము. పైగా ఆ రెండుపేటలకు తరతరముల వైరము! ప్రతిపేటకును తన చర్చి, తన వస్తుశాల, తన నీటికుండి కలవు. ఆ కుండియొద్దనే శిశువును తమ పేటవానిగా స్వీకరింతురు. పందెములో పది పేటలు మాత్రమే పాల్గొనును. ఏ పేటకు ఏ గుఱ్ఱమో చీట్లువేసి తేల్చుదురు. పందెపుదినమున గుఱ్ఱమును పేటవారి చర్చిలోనికే తీసికొనిపోయి ఆశీర్వాద మిప్పింతురు. ఆలుచిప్పవలె పల్లముగానున్న పియాత్స చుట్టును మన్నుపఱచి, జీనులేని గుఱ్ఱములను మూడుచుట్లు పరుగెత్తింతురు. నిమిషముంబావులో సర్వము ముగియును. రౌతు పడిపోయినను గుఱ్ఱము ముందుగా వచ్చిన జాలును, గెలుపే. బహుమానము ధనము గాదు, చిత్రించిన పట్టుజెండా. దానికై పెద్దవారు చిన్నపిల్లలవలె ఏడ్తురు. గుఱ్ఱములకు దెబ్బలు తగులుచున్నవని జీవకారుణ్యపరులు చేయు నాక్షేపణ త్రోసివేయదగినది గాదు.

పియాత్సనడుమ నిలుచుండి చూచుటకు రుసుము లేదు; లక్షణముగా చూడవచ్చును. కాని అది యాత్రికునికొఱకు జరుగుట లేదు. ముందటిరాత్రి వీథులలో బారులుతీర్చిన బల్లలయొద్ద పేటవారు సహపంక్తిభోజనము చేయుచు పాడుచుందురు. వారికి మన యునికితో పనియే లేదు. యాత్రికుని సంతోషమునకు కారణము గూడ అదియే యని నా యభిప్రాయము. తనకై వేసిన వేషమును గాక, వారు తమకై చేసికొను వేడుకను అతడు చూచుచున్నాడు.

వెనిసులో ఈ సంగతి తాఱుమాఱగుచున్నది. ఆ ద్వీపనగరమున 1951లో లక్షాడెబ్బదియైదువేలమంది నివసించిరి. 2022 నాటికి ఏబదివేలకంటె తక్కువైరి. ఉద్యోగములు గట్టుమీది మెస్త్రెకు పోవుటయు, 1966నాటి వఱదయు మొదటి కారణములు. పిమ్మట ఇండ్లవారు నెలయద్దెకంటె యాత్రికుల రాత్రియద్దె లాభకరమని గ్రహించిరి. రొట్టెల దుకాణము మూసిన చోట ముసుగుబొమ్మల దుకాణము వెలయును. ఊరివారికి బొమ్మలతో పనిలేదు, రొట్టెతో పనియున్నది. రియాల్టో వంతెన చేరువనున్న మందులయంగడి కిటికీలో 2008లో ఒక పలకను పెట్టిరి. నగరమున మిగిలిన నివాసుల సంఖ్యను అది చూపును. ప్రభుత్వమువారు ఊరక యుండలేదు. 2021లో పెద్దయోడలు జ్యుదెక్క కాలువగుండ పోరాదని నిషేధించిరి. 2024 ఏప్రిలు 25 మొదలు రద్దీదినములలో పగటిపూట వచ్చిపోవువారినుండి అయిదు యూరోల ప్రవేశరుసుము పుచ్చుకొనిరి. 2025లో ఆలస్యముగా చెల్లించువారికి పది చేసిరి. రుసుముచే రద్దీ తగ్గిన దని నాకు తోచదు. రుసుము చెల్లించి లోనికి పోవునది పట్టణమా, వస్తుశాలా యని అచ్చటివారు కొందఱు కోపముతో నడిగిరి. ఆ ప్రశ్నకు నాయొద్దను సమాధానము లేదు.

అయినను వెనిసువారు తమదిగా నిలుపుకొనిన పండుగ యొకటి గలదు. 1575 మొదలు 1577 వఱకు ఆ నగరమును మహామారి పీడించినప్పుడు, అది తొలగినచో ఆలయము కట్టింతుమని మ్రొక్కుకొనిరి. శిల్పి పల్లాదియో ఆ యాలయమును నిర్మించెను. నాటినుండి ఏటేట జూలై మూడవ ఆదివారమున, కాలువకడ్డముగా తాత్కాలికపు వంతెన వేసి, దానిమీదుగా నడచిపోయి మ్రొక్కు చెల్లింతురు. ముందటి శనివారము సాయంకాలము కుటుంబములవారు పడవలకు ఆకుకొమ్మలను, కాగితపు దీపములను కట్టుకొని, వండిన పదార్థములతో నీటిమీదికి వచ్చి, ఒక పడవనుండి మఱియొక పడవకు గిన్నెలందించుకొనుచు భుజింతురు. రాత్రి పదునొకండున్నర గంటలకు బాణసంచా మొదలగును. అది ముగిసిన పిదప పడుచువారు లీడో తీరమునకు తెడ్లు వేసికొనిపోయి, సూర్యోదయమువఱకు ఇసుకమీద కూర్చుందురు.