పెద్ద బొమ్మ, చిన్న ముఖాలు



ఈసారి ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్‌లో అందరం కలిసి ఒక ఫొటో మొజాయిక్ చేశాం. దూరం నుంచి చూస్తే నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడి. దగ్గరికొస్తే అన్నీ చిన్న చిన్న ఫొటోలు.

బొమ్మను కంప్యూటరే పేరుస్తుంది. పెద్ద బొమ్మను గళ్లుగా విడదీసి, ఒక్కో గడి రంగుకు దగ్గరగా ఉన్న ఫొటోను వెతికి అక్కడ పెడుతుంది. ఫొటోలు పోగు చేయడమే మన పని. అడ్డం 40, నిలువు 50 గళ్లంటే 2000 ఫొటోలు. తక్కువైతే అవే మళ్లీ మళ్లీ వస్తాయి. గడి సెంటీమీటరున్నర ఉంటే 200 పిక్సెళ్లు చాలు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కూడా పనికొస్తుంది.

మేము రెండు తప్పులు చేశాం. మొదట నెట్‌లోంచి దించుకున్నాం. అన్నీ పండుగ ఫొటోలే, పైగా ఎవరో తీసినవి. పత్తి ఏరే అమ్మ లేదు, పశువులు కాసే తాత లేడు. అన్నీ తీసేసి, సెలవులకు పిల్లలను ఇంటి నుంచే తెమ్మన్నాం. నెమలి ఈకల నీలం కోసం టార్పాలిన్లు, నీళ్ల డ్రమ్ములు, చీరలు వచ్చాయి. తెలుపుకు పత్తి, పసుపుకు ఇప్పపూలు.

రెండో తప్పు, తెల్లగా వెలుగున్న ముఖాలు ఉంచి నల్లగా ఉన్నవి "బాగా లేవు" అని పక్కన పెట్టడం. బొమ్మ తేలిపోయింది. గుస్సాడికి కళ్లు లేవు, గడ్డం లేదు. తీసేసిన వాటిని మళ్లీ కలిపాకే ముఖం వచ్చింది. వాటిలో ఒకటి ఆధార్ జిరాక్స్ మీది ఫొటో. ఒక పాప నానమ్మది. నాన్న ఫోన్ నీళ్లలో పడి మిగతావన్నీ పోయాయి, ఆమెకు ఇక ఆ ఒక్కటే. ప్రింటు వచ్చాక గడ్డంలో ఆ గడిని వెతుక్కుని పాప చాలాసేపు అక్కడే నిలబడింది. దాన్ని చెత్త కింద పారేసింది మేమే కదా అని మాకు సిగ్గేసింది.

ఒక అవ్వ ఫొటో వద్దంది, తీయలేదు. పెద్ద ఫైలును ఆన్‌లైన్‌లో పెట్టలేదు. జూమ్ చేస్తే ఆడపిల్లల ముఖాలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి.

1940లలో మార్లవాయిలో ఉన్న హైమెండార్ఫ్ గారు తీసిన మన పెద్దల ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మన ఫోన్లలో ఉన్నవి మాత్రం ఫోన్ పగిలితే పోతాయి. అదే మార్లవాయి గుస్సాడి గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఆయన ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి. మన నానమ్మ ఫొటో మనం దాచుకుంటేనే ఉంటుంది.

అందుకే యువతను ఒకటి కోరుతున్నాం. ఈ దండారికి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దలను అడిగి, సరేనంటేనే ఫొటో తీయండి. పేరు, ఊరు, సంవత్సరం, తీసినవారి పేరు రాయండి. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. మసకగా ఉందని దేన్నీ తీసేయకండి. మొజాయిక్ ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముందు ఫొటోలు ఉండాలి.