పాసడీనా చిలకలు

అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన పాసడీనా అని ఓ ఊరుంది. పొద్దుగూకితే అక్కడ వీధి చెట్ల నిండా చిలకల గోల. ఒకటీ రెండూ కాదు, వందలు. పచ్చటి ఒళ్లు, నెత్తిన ఎర్రటి రంగు. ఎర్రతల అమెజాన్ చిలకలివి.

ఇవి ఆ ఊరివి కావు. సొంతగడ్డ ఈశాన్య మెక్సికో. అక్కడ అడవులు నరికారు. గూళ్లలోంచి పిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్మారు. ఇప్పుడా జాతే అంతరించే ప్రమాదంలో పడింది.

అమ్ముడై అమెరికా చేరినవాటిలో కొన్ని తప్పించుకున్నాయి, కొన్నింటిని వదిలేశారు. ఊళ్లో నాటిన చెట్ల కాయల్ని కాలితో పట్టుకుని, ముక్కుతో ఒలుచుకుని తిన్నాయి. తొర్రల్లో పిల్లల్ని పెంచాయి. మెక్సికో అడవుల్లో మిగిలినన్ని అమెరికా నగరాల్లోనూ ఉండవచ్చని పరిశోధకుల అంచనా. అంటే, అడవిలో ఈ జాతి తరిగిపోతే తిరిగి నింపడానికి ఇవి కరువు కాలానికి దాచిన విత్తనాలన్నమాట!

ఒక చిక్కుంది. ఊళ్లో ఇవి మరో అమెజాన్ జాతితో జతకడుతున్నాయి. సంకర పిల్లల్ని అడవిలో వదలకూడదు. అందుకే శాస్త్రజ్ఞులు జన్యువులు పరీక్షిస్తున్నారు. నన్నడిగితే, ఊరి చిలకలున్నాయి కదా అని అడవిని వదిలేయకూడదు.

మీరు మాత్రం చిలకను కొనకండి. మన రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.