గినీకోళ్ల మేతయు గ్రుడ్లును
(తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



హోసూరు ప్రాంతమున మన యిండ్ల పెరళ్లలో కొన్నిట గినీకోళ్లు గలవు. పామును జూచినను, క్రొత్తవారిని జూచినను అవి చేయు రభస మీ రెఱుగుదురు. కావలికే కాక గ్రుడ్లకును వానిని పెంచువారికి మేము చెప్పఁదలచినది మేతనుగూర్చి.

మొదట మా తప్పు చెప్పవలెను. మేము ఎనిమిది పెట్టలను తెచ్చి నూకలును, తవుడును కడుపునిండ పెట్టితిమి. బరేలీ చెంత ఇజ్జత్‌నగరున నున్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ పెంపొందించిన కాదంబరి రకమవి. జాతిని నిందింప వీలులేదు. పక్షులు బలిసినవి గాని గ్రుడ్లు వారమునకు నాలుగైనను దొరకలేదు. ఆ సొమ్ము పిల్లల పుస్తకములకని లెక్కవేసికొన్న వారము. విసిగి, కోతకు అమ్మివేయ నిశ్చయించితిమి.

కారణము లెక్కలోనే యున్నది. గినీకోడి గ్రుడ్డు సుమారు 40 గ్రాములు. అందు మాంసకృత్తులు దాదాపు 5 గ్రాములు. పెట్ట దినమునకు 100 గ్రాముల నూకలు తినెననుకొందము. నూకలలో మాంసకృత్తులు నూటికి 8 పాళ్లే. ఆ 8 గ్రాములలో కొంత యరుగక పోవును. కొంత దేహపోషణకును, ఈకలకును చెల్లును. ఇక గ్రుడ్డున కేమి మిగులును? గ్రుడ్లుపెట్టు పక్షి మేతలో నూటికి 16 మొదలు 18 పాళ్లుండవలెను. పసిపిల్లలకు 24 పాళ్లయినను కావలెను.

వేరుసెనగ చెక్క చాలదా యని యడుగుదురు. అందు నూటికి 40 పాళ్లకు పైగా మాంసకృత్తులున్నను, లైసిన్, మెథియోనిన్ అనునవి తక్కువ. ఇటుకలెన్ని యున్నను సున్నము లేనిచో గోడ లేవదు గదా! కావున సోయా చెక్కనో, ఎండుచేపల పొడినో చేర్చవలెను. బూజుపట్టిన చెక్కను మాత్రము తాకరాదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చుటకు అట్టి చెక్కయే కారణము. ఆ విషమునకే పిమ్మట అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి.

దాణా సంచిపైని చీటిలో మాంసకృత్తుల పాళ్లు అచ్చువేసి యుండును. అది తమిళముననో, ఇంగ్లీషుననో యుండుటచేత మనలో పెద్దలు చూడక విడుతురు. మా యింట దానిని చదివి చెప్పినది ఎనిమిదవ తరగతి పిల్ల. మీరును బిడ్డలచేత చదివించుకొనుడు.

మేత మార్చిన పిమ్మట ఆ వేసవిలో గ్రుడ్లు పెరిగినవి. పగలు కుఱుచయగు శీతకాలమున నెంత మంచి మేతయైనను వానిచేత గ్రుడ్లు పెట్టింపఁజాలదు. మఱియొక మాట: ఈ పక్షి గ్రుడ్లు దాచును. మేతను తప్పుపట్టుటకు ముందు పొదలు వెదకుడు. మా పెరటి కంచె మాటున ఒకనాడు 23 గ్రుడ్లు కనఁబడినవి.