గది మనది, గిరాకీ ఎవరిది?

(ఏజెన్సీ మండలాల రైతుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సీజను మొదలవక ముందే ఈ సంగతి మాట్లాడుకోవాలని మిమ్మల్ని పిలిచాం. చలి మొదలైందంటే అరకు, లంబసింగి, వంజంగి దారులన్నీ కార్లతో నిండిపోతాయి. వచ్చేవాళ్లకు రాత్రి పడుకోడానికి చోటు కావాలి. మనలో కొందరు ఇంటి పక్కన ఒకటో రెండో గదులు వేసి అద్దెకిస్తున్నారు, కొందరు కాఫీ తోట అంచున గుడారాలు వేశారు. మంచిదే. కాఫీ, మిరియాలు, చోళ్ల మీద వచ్చేదానికి ఇదొక తోడు. కానీ ఆ అతిథి మన గడప దాకా ఏ దారిన వస్తున్నాడు, ఆ దారిలో మన డబ్బు ఎవరి చేతికి పోతోంది? అది ఎవరూ లెక్క వేయడం లేదు.

లెక్క ఇప్పుడే వేద్దాం. గది రోజుకి 2,000 రూపాయలు అనుకోండి. ఇంటర్నెట్ బుకింగ్ కంపెనీ నూటికి 15 కమీషన్ తీసుకుంటే 300. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 54. ఒక రాత్రికి 354 రూపాయలు పోయింది. సీజనులో 40 రాత్రులు గది నిండితే 14,160. నూటికి 20, అంతకు పైన అడిగేవాళ్లూ ఉన్నారు. దుప్పట్లు ఉతికింది మన ఆడవాళ్లు, కట్టెలు కొట్టింది మనం. సంతలో షావుకారు పసుపు తూచినప్పుడు మన పెద్దలు చూసింది ఇదే కదా. అప్పుడు కాటా వాడి చేతిలో ఉండేది, ఇప్పుడు ఫోను తెర వాడి చేతిలో ఉంది.

కమీషనొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ధర కూడా వాళ్లే కట్టడి చేస్తారు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మేక్‌మైట్రిప్-గోఐబిబో మీద 223 కోట్లు, ఓయో మీద 168 కోట్లు పైచిలుకు జరిమానా వేసింది. మేక్‌మైట్రిప్ వాళ్లు తమ దగ్గర పెట్టిన ధర కంటే తక్కువకు హోటళ్లు వేరేచోట గది అమ్మకూడదని షరతు పెట్టారన్నది అందులో ఒక అభియోగం. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి, అది వేరే సంగతి. పెద్ద పెద్ద హోటళ్ల వాళ్లే సంఘం కట్టి ఫిర్యాదు చేయాల్సి వచ్చిందంటే రెండు గదులవాడి మాట ఎవరు వింటారు?

అలాగని ఆ యాప్‌లు అసలు వద్దని మేము అనడం లేదు. హైదరాబాదులో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి మన ఊరి పేరు తెలిసేది వాటి వల్లే. మొదటిసారి అలాగే రానీయండి. ఆ దారిలో వచ్చిన బుకింగును మధ్యలో రద్దు చేయించి నేరుగా తీసుకోవద్దు. అది వాళ్ల నియమాలకు విరుద్ధం, పేరు తీసేస్తారు. కానీ వెళ్లేటప్పుడు ఆ మనిషి చేతిలో మన కాఫీ పొడి పొట్లం ఉండాలి, దాని మీద మన ఫోన్ నంబరు ఉండాలి. అరకు కాఫీకి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మనకు పెట్టుబడి లేని ప్రచారం. కాఫీ పళ్లు కోసే రోజులూ, చుట్టాలు వచ్చే రోజులూ ఒకటే. తోటలోకి తీసుకెళ్లి చూపించండి. చోడి అంబలి పోయండి. మళ్లీ వచ్చేవాడు, చుట్టాలకు చెప్పేవాడు నేరుగా మనకే ఫోన్ చేస్తాడు.

గూగుల్ మ్యాప్‌లో ఇంటి పేరు పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. గుర్తు సరిగ్గా మన గుమ్మం మీదే పడిందో లేదో నడిచి చూసుకోండి. రాత్రిపూట కారు వాగులోకి పోకూడదు. ఫోటోలు మన గదివే పెట్టండి. వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తాం, మరుగుదొడ్డి బయట ఉంది, సిగ్నల్ అందదు, చివర మట్టిరోడ్డు అని ముందే రాయండి. అది చదివి మానేసేవాడు వచ్చినా తిట్టిపోసేవాడే.

ఇంకొకటి జాగ్రత్త. మిలటరీ ఆఫీసరునని ఫోన్ చేసి, పది గదులు కావాలి, అడ్వాన్సు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన ఖాతా ఖాళీ చేయడానికే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు భయం. "నీకు నెట్టు తెలియదు, ప్రచారం మేం చూసుకుంటాం, స్థలం పదేళ్లు లీజుకివ్వు" అంటూ కిందనుంచి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. మన భూమి గిరిజనేతరుడికి అమ్మినా, కుదువ పెట్టినా, లీజుకిచ్చినా 1/70 చట్టం కింద చెల్లదు. ఈ అనంతగిరి మండలం, బొర్రా ప్రాంతం గనుల లీజుల మీదే సమత కేసు నడిచింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు మన వైపు వచ్చింది. గనికి ఇవ్వని నేలను రిసార్టుకు ఇస్తామా? మన మనిషి పేరు మీద కాగితం రాయించి వెనక వాడు నడిపే పద్ధతీ మొదలైంది. అలాంటిది కనిపిస్తే సంఘానికి చెప్పండి, పేరు బయటపెట్టం.

నెట్టు తెలియకపోతే ఇంట్లో ఇంటర్ చదివిన ఆడపిల్లకు తెలుసు. గది పనంతా ఆడవాళ్ల మీదే పడుతోంది కాబట్టి ఫోనూ, ఆ ఖాతా లెక్కా వాళ్ల చేతిలోనే పెట్టమంటున్నాం. కొందరు అన్నలకు ఇది రుచించదు, తెలుసు.

మా ప్రతిపాదన ఒక్కటే. ఊరికో వాట్సాప్ నంబరు పెడదాం. ఫోన్ వస్తే గదులున్న ఇళ్లకు వంతులవారీగా పంచుదాం. ఊళ్లో ఒకడు 1,500, పక్కవాడు 800 అని పోటీపడి పడగొట్టుకోకుండా ధర కూర్చుని అనుకుందాం. వచ్చే నెల సమావేశానికి మీ ఊళ్లో ఎన్ని గదులు, ఎన్ని గుడారాలు ఉన్నాయో రాసి తీసుకురండి. ఫోను నడిపే పిల్లల్ని కూడా వెంట తీసుకురండి. మ్యాప్‌లో పేర్లు పెట్టే పని ఆ రోజే కూర్చుని చేసేద్దాం.